తిరిగి రాని పళ్ళు

మా తోడికోడలికి ఊళ్ళో సగం మంది దవడలు తెలుసు, ముఖాలు మాత్రం ఒక్కటీ తెలియదు. ఆవిడ కట్టుడు పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, నేను ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేస్తాను. ఆ దవడ మీద మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, ఉడికించి, అరగదీసి, మెరుగుపెట్టడం ఆవిడ పని. బావగారు ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తుతారు. మా ఆయన బండి మీద డాక్టర్ల దగ్గరికి తిరుగుతాడు. ఇంటి వెనక రెండు గదులకే మేం ల్యాబు అని పేరు పెట్టుకున్నాం.

వీధిలో అందరూ ఆవిడని పళ్ళక్క అంటారు. నాకు మాత్రం ఉత్త అక్కే. పేరు విన్న కొత్తవాళ్ళు ముందు ఆవిడ నోటికేసి చూస్తారు. అక్కడ చూడ్డానికేమీ లేదు, పైవరసలో ఎడమవైపు పన్ను కాస్త వంకర, అంతే. తను చేసే ప్రతి సెట్టులోనూ ఆ పన్నుని అలాగే ఓ పిసరు తిప్పి పెడుతుంది. "అన్నీ తిన్నగా పెడితే గోడకి సున్నం కొట్టినట్టు ఉంటుందే. దేవుడు పెట్టినవి మాత్రం వరసగా ఉన్నాయా ఏంటి?" అంటుంది.

ఒకసారి బస్సులో ఎదురు సీటు పెద్దమనిషి నవ్వితే ఆ వంకర కనిపించింది. అంతే, మేం దిగాల్సిన చోటు దాటిపోయినా కదలకుండా ఆయన నోటికేసే చూస్తూ కూర్చుంది. ఆయన పాపం కాసేపు మీసం తడుముకున్నాడు, కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు, చివరికి లేచి వెనక సీటుకి పోయాడు. పక్కన నేను సిగ్గుతో చచ్చాను.

"ఎందుకక్కా అలా చూడ్డం? ఏమనుకుంటారు?"

"ఏదన్నా తింటాడేమోనని చూశానే. చేతిలో పొట్లం ఉంది కదా."

అదీ ఆవిడ కోరిక. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ పళ్ళు చేస్తోంది. తను చేసిన పళ్ళతో ఒక్క మనిషి తింటుంటే చూడలేదు. పేషెంట్లు డాక్టరు దగ్గరికి వెళ్తారు కానీ మా దగ్గరికి రారు. కట్టుడు పళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఆ సంగతి ఊరంతా చాటుకోరు. మా ఇంట్లో వాళ్ళందరి పళ్ళూ రాళ్ళు. "మీ బావ పళ్ళు ఎప్పుడు ఊడతాయా అని కాచుక్కూర్చున్నా. ఆయనేమో ఎముకలు కూడా పిప్పి చేస్తున్నాడు" అని బావగారు వినేలాగే అనేది. ఆయన వినీ విననట్టు ఊరుకునేవారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. సెట్టు పంపిన తర్వాత ఓ వారం ఎదురుచూస్తాం. చిగుళ్ళకి ఎక్కడన్నా ఒరుసుకుంటే డాక్టరు ఆ చోట ఊదారంగు చుక్క పెట్టి తిప్పి పంపిస్తాడు. బావగారు ముందు గదిలోంచి "వచ్చింది" అని ఒక్క మాట అంటారు. ఆ మాటకి అక్క ముఖం ముడుచుకుపోతుంది. చుక్క ఉన్నచోట అరగదీసి మళ్ళీ పంపిస్తుంది. తిరిగి రాకపోతే పళ్ళు కుదిరినట్టు. ఆవిడకి దొరికే మెప్పు అదొక్కటే. ఎవరూ ఫోన్ చేసి బాగున్నాయని చెప్పరు, అవి తిరిగి రావు, అంతే.

మాకు ఎక్కువ పని ఇచ్చే డాక్టరుగారు ఒకాయన ఉన్నారు. ఏడాదికోసారి తోటి డాక్టర్లతో కలిసి ఏదో ఒక దేశం వెళ్ళి, డాక్టర్లు లేని ఊళ్ళలో ఉచితంగా వైద్యం చేసి వస్తారు. ఆ ఏడు పళ్ళులేని ముసలివాళ్ళకి సెట్లు కట్టి ఇద్దామనుకున్నారు. "అమ్మా, సెట్లు అక్కడికక్కడే చెయ్యాలి. మీరు రాగలరా..." అని ఆయన ఇంకా అడుగుతుండగానే అక్క వస్తానంది. నావైపు చెయ్యి చూపించి, "ఇది కూడా వస్తుంది. ఇది పోసిన దవడల మీద తప్ప నాకు చెయ్యి ఆడదు" అంది. వస్తావా అని నన్నెవరూ అడగలేదు. అడిగితే రాననేదాన్ని, అందుకే అడగలేదేమో.

వెళ్ళే ముందు రోజు పెట్టె సర్దుకుంటూ అక్క నాతో అంది, "అక్కడ మనుషులూ మనమూ ఒకే చోట ఉంటాం. ఈసారి చూస్తానే." ఆ ముఖంలో సంతోషం చూస్తే నా సణుగుడు నాకే సిగ్గనిపించింది. అయినా విమానం ఎక్కేదాకా సణుగుతూనే ఉన్నాను.

తీరా వెళ్ళాక ఏమైంది? ఆ ఊళ్ళో మూతబడిన ఒక బడిని మాకిచ్చారు. ముందు హాల్లో డాక్టర్లు, మనుషులు, నవ్వులు. వెనక గదిలో అక్కా నేనూ, బల్ల నిండా ప్లాస్టర్ దవడలు. ఇంటి దగ్గర ఎలా ఉందో అక్కడా అలాగే. పైగా పని నెత్తి మీద కూర్చుంది. తలెత్తి కిటికీలోంచి చూసే తీరిక కూడా లేదు. మా ల్యాబులో నెలకి చేసేన్ని సెట్లు అక్కడ వారం తిరిగేసరికి చేశాం. ఆఖరి రోజు పొద్దున అందరికీ సెట్లు పెట్టడం, మధ్యాహ్నం అందరికీ కలిపి భోజనం. అక్క ఆ భోజనం మీదే ప్రాణం పెట్టుకుంది. నాలుగు రోజులుగా దగ్గుతున్నా ఎవరికీ చెప్పలేదు, చెబితే పడుకోబెడతారని. ఆ రోజు పొద్దున సెట్లు ఉడికే తొట్టి దగ్గర ఆఖరి సెట్టు పైకి తీసి, నా చేతిలో పెట్టి, అక్కడే కూలబడిపోయింది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది.

భోజనాల వేళకి అక్క ఆసుపత్రిలో ఉంది. నిమ్ము చేసిందన్నారు. ఊపిరితిత్తులు తేలికపడేదాకా విమానం ఎక్కకూడదన్నారు. డాక్టరుగారు ఉండిపోతానన్నారు కానీ, ఆయన కోసం ఇక్కడ మన ఊళ్ళో ఆపరేషన్లు ఆగి ఉన్నాయి. "నేనున్నానుగా, మీరు వెళ్ళండి" అని నా నోటితో నేనే అన్నాను. అన్న మరుక్షణం నుంచి ఏడుపు ముంచుకొచ్చింది. ఫోన్‌లో బావగారు, "నువ్వున్నావు కాబట్టి ధైర్యంగా ఉన్నానమ్మా" అన్నారు. ఆయన గొంతులో ధైర్యం వెతికినా దొరకలేదు.

ఆసుపత్రి నుంచి పంపేశాక మాకు చోటిచ్చింది బడి ఎదురింటావిడ. క్యాంపు జరిగినన్నాళ్ళూ మాకు వేడినీళ్ళు కాచి ఇచ్చింది ఆవిడే. తపాలా ఆఫీసులో పని చేస్తుంది, పెళ్ళి చేసుకోలేదు, ముసలి తల్లితో ఉంటోంది. ఆవిడకీ మాకూ చెరిసగం వచ్చిన ఒక భాష ఉంది, మిగిలిన సగం చేతులతో చెప్పుకునేవాళ్ళం. ఇక్కడ మన మాటల్లోనే చెబుతున్నాను. కింద గది ఖాళీ చేసి, కిటికీ పక్కన మంచం వేసి, అక్కని అందులో పడుకోబెట్టింది. ముక్కూ మొహం తెలియని ఇంట్లో అంత సుఖంగా ఉంటామని నేననుకోలేదు. పొద్దున్నే ఎండ మంచం మీదికి వచ్చేది. ఎదురు గోడ మీద పిల్లి పడుకునేది. అక్క జావ తాగి, దాన్నే చూస్తూ పడుకునేది.

ఇంటావిడ తల్లికి కూడా మా సెట్టే. దవడ ఎముక అరిగిపోయి చిగురు దారంలా ఉందని, ఆవిడకి కట్టడం కష్టమని డాక్టరుగారు అప్పుడే అన్నారు. ఆవిడకి భోజనం బల్ల దగ్గర కూర్చుని రొట్టె తినేటప్పుడు ఒక అలవాటు ఉంది. చుట్టూ గట్టి అంచు తుంచి కూతురి పళ్ళెంలో వేసి, మెత్తటి మధ్య భాగం పాలలో నానబెట్టుకుంటుంది. కూతురు చూడకుండానే చెయ్యి చాచి అంచు అందుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా తిని, రొట్టె మధ్య భాగం రుచే మర్చిపోయానని ఇంటావిడ నవ్వింది. సెట్టు వచ్చాక కూడా ఆ అలవాటు మారలేదు. కొత్త కదా, నెమ్మదిగా అలవాటవుతుందిలే అనుకున్నాను.

అక్క కాస్త తేరుకోగానే పరామర్శలు మొదలయ్యాయి. సెట్లు కట్టించుకున్నవాళ్ళంతా వరసపెట్టి వచ్చారు. వెనక గదిలో ఉండి తమకి పళ్ళు చేసిన మనిషి జబ్బు పడిందని ఊరంతా తెలిసిందట. గుమ్మంలో నిలబడి నోరారా నవ్వేవారు. అక్క ఆ నవ్వుల్లో ఎడమవైపు వంకర పన్ను వెతుక్కుని, ముఖం చాటంత చేసుకునేది.

"చూశావా, ఒక్కటీ తిరిగి రాలేదు. ఇన్ని సెట్లలో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. మన ల్యాబులో ఎప్పుడన్నా ఇలా జరిగిందా?" అని ఫోన్‌లో బావగారితో గొప్పలు చెప్పింది. నేనూ పక్క నుంచి వంత పాడాను.

వచ్చినవాళ్ళ చేతిలో బిస్కెట్లో, కోసిన ఆపిల్ ముక్కలో పెట్టించేది అక్క. పెట్టించి, పిల్లి చేప కోసం చూసినట్టు చూసేది. ఎవరూ తినేవారు కాదు. ఇప్పుడే తిని వచ్చామనేవారు. పొట్ట బాగా లేదనేవారు. బస్సు నడిపి రిటైరైన ఒక తాతగారు ఉండేవాడు, జోకులు వేసే మనిషి. ఆయనైతే ఆపిల్ ముక్క చేతిలో పట్టుకుని గంటసేపు కబుర్లు చెప్పి, దాన్ని అలాగే పళ్ళెంలో పెట్టి లేచాడు.

ఆయన గేటు దాకా వెళ్ళాడు. ఇటు ఎవరూ చూడట్లేదనుకుని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సెట్టు బయటికి తీశాడు, జేబురుమాల్లో చుట్టాడు, జేబులో వేసుకున్నాడు. దవడ నిమురుకుంటూ వెళ్ళిపోయాడు. కిటికీ పక్క మంచం మీద కూర్చున్న అక్క అదంతా చూసింది. ఆవిడ వెనక నిలబడి నేనూ చూశాను.

ఆ సాయంత్రం అక్క జావ ముట్టలేదు. ఇంటావిడ ఆఫీసు నుంచి రాగానే మంచం దగ్గరికి పిలిచి అడిగింది.

"నిజం చెప్పండి. అందరూ ఇంతేనా?"

ఇంటావిడ నావైపు చూసింది. నేను గోడకేసి చూశాను.

"నొప్పి పెడుతున్నాయట. అందరికీ కాదు, చాలామందికి" అంది ఇంటావిడ చివరికి. "మా అమ్మ గ్లాసులో వేసి పెట్టింది. మీ గదిలోకి వచ్చేటప్పుడు పెట్టుకుంటుంది. మంచం పట్టిన మనిషితో ఎలా చెప్తాం? మా కోసం వచ్చే కదా మీకు ఈ జబ్బు తగిలింది."

"నొప్పి పెడితే పట్నంలో క్లినిక్‌కి వెళ్ళమన్నారు కదా డాక్టరుగారు?"

"వెళ్తే మీ మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుందని ఎవరూ వెళ్ళలేదు."

అక్క గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఏడిస్తే దగ్గు వస్తోంది, దగ్గితే ఆయాసం. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. పళ్ళ మీదా, ఆ మర్యాదస్తుల మీదా, మా డాక్టరుగారి మీదా అందరి మీదా వచ్చింది. కాసేపటికి అక్క ఇటు తిరిగింది.

"అమ్మాయ్, మనంత తెలివితక్కువ వాళ్ళు ఉంటారంటావా?"

"మనమేం చేశామక్కా?"

"తిరిగి రాలేదు, తిరిగి రాలేదు అని ఎగిరాం. పెట్టిన రోజే అందరూ విమానం ఎక్కేస్తే ఎవరి దగ్గరికి తిరిగొస్తాయే? మన ఇంట్లో కూడా నాలుగింట ఒకటి వస్తుంది కదా. ఇక్కడెందుకు రాలేదని ఒక్కరమన్నా అడగలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి, ఆ మాట నా బుర్రకి తట్టలేదు. వేరే పనివాళ్ళెవరైనా అయితే ఏం బాబూ ఎలా ఉన్నాయని అడిగి ఉండేవాళ్ళు. మేం మాత్రం బావగారి "వచ్చింది" వినపడలేదని నిశ్చింతగా ఉన్నాం.

మర్నాడు డాక్టరుగారికి ఫోన్ చేశాం. సంగతంతా చెప్పాం. "అమ్మా, ఆ మాట నేను ముందే ఆలోచించాల్సింది. సరే, మీరున్నారు కాబట్టి ఇప్పుడన్నా చేద్దాం" అన్నారు. క్లినిక్‌వాళ్ళతో ఆయనే మాట్లాడారు. ఫోన్‌లో వీడియో పెడితే నోళ్ళు చూస్తానన్నారు. మా పనిముట్ల పెట్టెలు ఇంకా బడిలోనే ఉన్నాయి, వాటిని తెప్పించుకున్నాం. అక్క ఊపిరితిత్తులకి దుమ్ము తగలకూడదు కాబట్టి అరగదీసే పని నాకు పడింది. నేను పెరట్లో, అక్క గదిలో, మధ్యలో మూసిన తలుపు. ప్లాస్టర్ పోసుకునేదాన్ని నాకెందుకీ గొడవ అంటే వినేవాళ్ళు లేరు.

అందరికీ కబురు పెట్టించింది అక్క, నొప్పి దాచినవాళ్ళతో మాట్లాడనని. మొదట బస్సు తాతగారు తలదించుకుని వచ్చాడు. అక్క ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమంది. ఫోన్‌లో డాక్టరుగారు చెబుతుంటే, తడికి రంగు దిగే పెన్సిల్‌తో చిగురు మీద ఎర్రగా ఉన్నచోట చుక్క పెట్టింది. సెట్టు పెట్టి తీస్తే చుక్క దాని మీదికి దిగింది. ఆ ఊదారంగు చుక్కలు చూస్తూ బతికిన మనిషి, అది ఎక్కడి నుంచి వస్తుందో చూడ్డం అదే మొదటిసారి.

"ఇంత చిన్న పుండుకి ఎంత నొప్పి ఓర్చుకున్నారండీ" అంది ఆయనతో.

"బస్సు నడిపినన్నాళ్ళు దీనికంటే ఎక్కువే ఓర్చుకున్నాను. మీ ముందు నవ్వడం పెద్ద కష్టం కాదు" అన్నాడాయన.

నేను అరగదీసి ఇచ్చాను. రెండు రోజులాగి రమ్మంది అక్క. ఆయన రెండు రోజులకి వచ్చాడు, మళ్ళీ ఒక చుక్క పడింది, మళ్ళీ అరగదీశాను. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు. గేటు చప్పుడైతే చాలు, మంచం మీంచి అక్క "వచ్చింది" అని కేక పెట్టేది, అచ్చం బావగారిలాగే. ఇంటి దగ్గర ఆ మాటకి ముఖం ముడుచుకునే మనిషి ఇక్కడ అదే మాట అని నవ్వేది. మందులు ఎంత పని చేశాయో నాకు తెలియదు, ఆ నోళ్ళు చూడ్డం మొదలుపెట్టాక మాత్రం ఆయాసం తగ్గింది. జావ గిన్నె ఖాళీ అయ్యేది. నాకూ చెయ్యి తిరిగింది. పెరట్లో ఎండలో కూర్చుని సెట్లు మెరుగుపెట్టుకుంటుంటే, గోడ మీద పిల్లి, వంటింట్లో ఇంటావిడ కూనిరాగం. ఇంటి బెంగ ఉందని మర్చిపోయిన పూటలు కూడా ఉన్నాయి.

ఆసుపత్రివాళ్ళు ఇంక విమానం ఎక్కొచ్చన్నారు. నేను గబగబా పెట్టె దించి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

"ఈ పెద్దావిడది కుదిరేదాకా నేను కదలను" అంది అక్క.

ఇంటావిడ తల్లి సెట్టు ఇంకా గ్లాసులోనే ఉంది. రెండుసార్లు సరిచేశాం, రెండుసార్లూ నమిలితే లేచిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "అక్కా, అక్కడ బావగారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. నా పిల్లలు అమ్మా అని పిలవడం మర్చిపోతారు. డాక్టరుగారే కష్టమన్నారు కదా. ఒక్క సెట్టు కోసం ఇంకెన్నాళ్ళు?"

"నువ్వు వెళ్ళు. నేను తర్వాత వస్తా."

"నిన్నొదిలి నేనెలా వెళ్తాననుకున్నావు?"

"అయితే ప్లాస్టర్ కలుపు" అంది తాపీగా. "పాత అచ్చు వద్దు, కొత్తగా మొదలుపెడదాం. పొద్దున తీసిన అచ్చు సాయంత్రానికి పనికిరాదు, వెంటనే పోసెయ్యి."

కొట్టాలన్నంత కోపం వచ్చింది. కోపంగానే ప్లాస్టర్ కలిపాను. క్లినిక్ నుంచి డాక్టరమ్మ వచ్చి కొత్త అచ్చు తీసి ఇచ్చింది. నేను పోసిన దవడల్లో అంత నున్నగా ఇంకోటి రాలేదు, కోపానికి కూడా ఓ ఉపయోగం ఉన్నట్టుంది. అక్క మంచం మీద బల్ల వేసుకుని మళ్ళీ మైనంలో పళ్ళు నిలబెట్టింది. ఎడమవైపు పన్ను తిప్పబోయి ఆగింది. పెద్దావిడని పిలిపించి, చిన్నప్పుడు ఎలా ఉండేవని అడిగింది. పెద్దావిడ నవ్వి, ముందు రెండు పళ్ళ మధ్య సందు ఉండేదని వేలితో చూపించింది. అక్క ఆ సందు పెట్టింది. తన వంకర పెట్టకుండా ఆవిడ చేసిన సెట్టు నాకు తెలిసి అదొక్కటే.

పెట్టిన తర్వాత ఒక చుక్క, ఇంకో చుక్క. తర్వాత చుక్కలు పడలేదు. కానీ పెద్దావిడ మా ఎదుట ఏమీ తినలేదు, మేమూ తినమనలేదు. బతిమాలి తినిపిస్తే అది మాకోసం తిన్నట్టు ఉంటుందని అక్క భయం. సెట్టు మళ్ళీ గ్లాసులోకి చేరిందో లేదో చూసి రమ్మని మాత్రం నన్ను వంటింటి వైపు తోలేది. గ్లాసు కనిపించలేదు. దాచారేమోనని అక్కకి అనుమానం, నాకూ అనుమానమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కని మొదటిసారి భోజనం బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మంచం దిగి నలుగురితో కలిసి తినడం జబ్బు పడ్డాక అదే. ఇంటావిడ రొట్టె కోసి అందరికీ పెట్టింది. తపాలా ఆఫీసులో ఎవరో ఎవరితోనో పోట్లాడిన సంగతి చెబుతోంది. చెబుతూ, ఎప్పటిలాగే, పళ్ళెం వైపు చూడకుండానే తల్లివైపు చెయ్యి చాచింది, అంచు కోసం.

పెద్దావిడ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. పళ్ళెం తనవైపు లాక్కుని, అంచు ముక్క నోట్లో పెట్టుకుని కొరికింది. కరకరమని చప్పుడు మా అందరికీ వినపడింది.

ఇంటావిడ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చెప్పే సంగతి మధ్యలో ఆగిపోయింది. పెద్దావిడ ఎవరినీ చూడలేదు. నములుతోంది, అంతే, తన పళ్ళతో తను తింటున్నంత మామూలుగా. ఇంటావిడ కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకుని, తన పళ్ళెంలో రొట్టె మధ్య భాగం తుంచి నోట్లో వేసుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క బల్ల మీద మోచేతులు ఆనించి చూస్తోంది. బస్సులో పెద్దమనిషిని చూసినట్టే చూస్తోంది, మనిషి ఏమనుకుంటుందోనన్న ధ్యాస లేకుండా. తన ముందున్న రొట్టె చల్లారిపోయింది. కాసేపటికి బల్ల కింద నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

"అమ్మాయ్, టికెట్లు చూడవే. ఇంటికి పోదాం."

ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నానో. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. పెద్దావిడ రెండో అంచు తుంచింది.

"ఉండక్కా" అన్నాను. "ఆ ముక్క కూడా అవనీ."